పాఠకుల ప్రశ్నలు: ప్రోకోర్ టైమ్‌కార్డుల జాబితా ఖాళీగా ఎందుకు వస్తుంది?

ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి కనుక శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. కాలిఫోర్నియాలోని కార్పింటీరియా కేంద్రంగా ఉన్న, 2002లో మొదలై, 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన ప్రోకోర్ సంస్థ నిర్మాణ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో చాలామంది కాంట్రాక్టర్లు వాడుతున్నారు. అక్కడి సైటుల్లో కార్మికులు పని చేసిన గంటలు అందులో టైమ్‌కార్డులుగా నమోదవుతాయి. ఆ గంటలను బయటికి తెచ్చి పేరోల్ (జీతాల లెక్క) వ్యవస్థకు అందించే ప్రోగ్రాములను హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చొని రాసే మనవాళ్లకు ఎదురయ్యే చిక్కులే ఈ ఉత్తరాల్లో ఎక్కువగా ఉన్నాయి.

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో డెవలపర్‌ను. మా క్లయింటు డాలస్ పరిసరాల్లో భవనాలు కట్టే కాంట్రాక్టరు. వారి ప్రోకోర్ ఖాతా నుంచి ఉద్యోగుల టైమ్‌కార్డులను ఏపీఐ (ఒక ప్రోగ్రాము మరో వ్యవస్థను నేరుగా సమాచారం అడిగే మార్గం) ద్వారా తెచ్చే స్క్రిప్టు రాశాను. ఉదయం ఆఫీసుకు రాగానే నడిపితే ఖాళీ జాబితా వస్తోంది. తప్పు సందేశం ఏదీ లేదు, స్థితి సంకేతం 200 (అభ్యర్థన సఫలమైంది) అనే చూపిస్తోంది. రాత్రి పొద్దుపోయాక నడిపితే ఒక్కోసారి రెండు మూడు కార్డులు వస్తున్నాయి. వెబ్‌సైటులో తెరిచి చూస్తే మాత్రం నెల మొత్తం కార్డులూ కనబడుతున్నాయి. లోపం ఎక్కడుంది?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, మియాపూర్

జవాబు: మీరు వివరించిన లక్షణాలను బట్టి చూస్తే, మీ అభ్యర్థనలో తేదీలు లేవు, లేదా ఉన్న తేదీ మన గడియారం ప్రకారం లెక్కకట్టినది. ప్రాజెక్టు స్థాయిలో టైమ్‌కార్డు ఎంట్రీల జాబితాను అడిగేటప్పుడు లాగ్ డేట్ గాని, స్టార్ట్ డేట్, ఎండ్ డేట్ జంట గాని ఇవ్వకపోతే, ఆ ఒక్క రోజు ఎంట్రీలు మాత్రమే తిరిగి వస్తాయి. ప్రోకోర్‌లో డైలీ లాగ్‌లకు (సైటు రోజువారీ నమోదులకు) సంబంధించిన జాబితాలన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తాయి, టైమ్‌కార్డులూ ఆ కుటుంబానికే చెందినవి. తేదీ చెప్పకపోతే అన్నీ వస్తాయని అనుకోవడం సహజమే గాని, ఇక్కడ తేదీ చెప్పకపోవడమంటే ఈరోజువి మాత్రమే అడిగినట్టు. ఆ రోజు ఎవరూ ఏమీ నమోదు చేయకపోతే ఖాళీ జాబితాయే సరైన సమాధానం, అందుకే స్థితి సంకేతం 200గా వస్తోంది.

ఇక ఉదయానికీ రాత్రికీ ఉన్న తేడా సంగతి. మనకు ఉదయం తొమ్మిదిన్నర అయినప్పుడు డాలస్‌లో వేసవిలోనైతే అంతకుముందు రోజు రాత్రి పదకొండు, చలికాలంలోనైతే రాత్రి పది. అంటే హైదరాబాదులో మంగళవారం మొదలైన ఆ సమయానికి అక్కడ సోమవారమే ఇంకా ముగియలేదు. మన కంప్యూటరు గడియారాన్ని అడిగినా, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడిచే సర్వరును అడిగినా మంగళవారం తేదీయే ఇస్తాయి, అక్కడి కార్మికులు మాత్రం ఆ తేదీకి ఇంకా పనిలోకే దిగలేదు. మనకు రాత్రి పది గంటలకు అక్కడ పొద్దున పదకొండున్నరో, పదిన్నరో అవుతుంది కనుక, అప్పటికే పని మొదలుపెట్టి ఫోనులో నమోదు చేసిన ఇద్దరు ముగ్గురి కార్డులు మీకు దొరుకుతున్నాయి.

పరిష్కారం చిన్నదే. స్టార్ట్ డేట్, ఎండ్ డేట్ రెండూ ప్రతిసారీ స్పష్టంగా పంపండి. ఆ తేదీలను ప్రాజెక్టు ఉన్న చోటి కాలమండలం ప్రకారం లెక్కకట్టండి. ఒకే కాంట్రాక్టరుకు డాలస్‌లో ఒక సైటు, ఎల్ పాసోలో మరొకటి ఉండవచ్చు. రాష్ట్రం ఒకటే అయినా ఎల్ పాసో గడియారం గంట వెనుక నడుస్తుంది. కనుక కాలమండలాన్ని కంపెనీకి కాక ప్రాజెక్టుకు జతచేసి చూడడం మంచిది. ఏడాదికి రెండుసార్లు అక్కడ గడియారాలు ముందుకూ వెనక్కూ జరుగుతాయి కాబట్టి, పదిన్నర గంటలు తీసివేయడం వంటి లెక్కను కోడులో స్థిరంగా రాసి పెట్టవద్దు.

ఇదే కోవకు చెందిన ఇంకో పొరపాటు మీరు చేసి ఉండకపోయినా చెప్పి ఉంచుతాము. ఎంట్రీలో పని తేదీకి ఒక అర (ఫీల్డు) ఉంటుంది, పని మొదలైన, ముగిసిన సమయాలకు విడిగా రెండు అరలు ఉంటాయి. సమయాలు యూటీసీలో వచ్చినప్పుడు వాటి మొదటి పది అక్షరాలు కోసి తేదీగా వాడుకునే అలవాటు చాలామందిలో ఉంది. డాలస్‌లో వేసవి సాయంత్రం ఏడు దాటితే యూటీసీ ప్రకారం మరుసటి తేదీ వచ్చేస్తుంది. ఎండలకు వెరచి కాంక్రీటు రాత్రిపూట పోయడం అక్కడా ఉన్నదే కనుక, ఆ ముఠా మొత్తం గంటలు మరుసటి రోజు ఖాతాలో పడతాయి. అది ఆదివారం, సోమవారం సంధిలో జరిగితే వారమే మారిపోవచ్చు. పని తేదీ కోసం తేదీ అరనే నమ్మండి.

సమయాల అరలు ఒక్కోసారి ఖాళీగా ఉంటాయి, అందుకు కంగారు పడనక్కరలేదు. గంటల మొత్తాన్ని ఒకే అంకెగా నమోదు చేయించాలా, మొదలు, ముగింపు సమయాలు వేయించాలా అన్నది కంపెనీ తన అమరికల్లో ఎంచుకుంటుంది. మొదటి పద్ధతిలో సమయాలు ఉండవు. రెండో పద్ధతిలో భోజన విరామం లెక్కలోకి వస్తుంది. మీ క్లయింటు ఏ పద్ధతి ఎంచుకున్నారో అడిగి తెలుసుకోకుండా కోడు రాయడం మొదలుపెట్టవద్దు. ఏ పద్ధతిలోనైనా ఖాళీ అరను సున్నాగా మార్చకండి. సున్నా గంటలు అంటే పని చేయలేదని ఒకరు ధ్రువీకరించినట్టు, ఖాళీ అంటే ఎవరూ ఏమీ చెప్పలేదన్నట్టు. పేరోల్ వైపు ఈ రెండింటికీ జరిగే చర్య వేరు.

తేదీలు సరిచేశాక జాబితా వస్తుంది, కాని మొత్తం వచ్చిందో లేదో అప్పుడే తేలదు. అరవై మంది ఉన్న సైటులో ఒక్కొక్కరు రోజుకు రెండు కాస్ట్ కోడ్‌ల (పనిని ఖర్చు పద్దులుగా విడదీసే సంకేతాల) కింద పని చేశారనుకుంటే, ఐదు రోజులకు ఆరు వందల వరుసలు అవుతాయి. పేజీకి వంద చొప్పున అడిగితే ఆరు పేజీలు. మొదటి పేజీతో ఆగిపోయిన స్క్రిప్టు కూడా ఏ తప్పూ చూపకుండా విజయవంతంగా ముగిసినట్టే కనిపిస్తుంది. జవాబుతో పాటు వచ్చే హెడర్లలో (జవాబు గురించిన వివరాలలో) టోటల్ అన్నది మొత్తం ఎన్ని వరుసలున్నాయో చెబుతుంది, లింక్ అన్నది తరువాతి పేజీ చిరునామా ఇస్తుంది. చివరికి మీ చేతికి వచ్చిన వరుసలను ఆ టోటల్‌తో పోల్చి, తేడా ఉంటే ఆ ఫైలు పేరోల్‌కు వెళ్లకుండా ఆపేయండి. మా దృష్టిలో ఈ స్క్రిప్టులో అన్నింటికన్నా విలువైన భాగం ఇదే.

ప్రశ్న: నేను అమెరికాలో ఒక నిర్మాణ సంస్థ అకౌంట్స్ విభాగంలో పేరోల్ చూస్తాను. మా టైమ్‌కార్డులు ప్రతి సోమవారం ఉదయం దానంతట అదే ప్రోకోర్ నుంచి మా వ్యవస్థలోకి వస్తాయి. కాని ఫోర్‌మన్లు మంగళ, బుధవారాల్లో సవరణలు చేస్తుంటారు. కొన్ని గంటలు రెండుసార్లు పడుతున్నాయి, కొన్ని అసలు రావడం లేదు. పైగా ఈ మధ్య మొదలైన ఒక ప్రాజెక్టులోని పదిమంది గంటలు మొదటి రెండు వారాలూ రానే లేదు. ప్రోగ్రాము రాసినవారు అంతా సరిగానే ఉందంటున్నారు. వారిని నేను ఏమని అడగాలి?
— ఒక పాఠకురాలు, ఫోర్ట్‌వర్త్, టెక్సాస్

జవాబు: కొత్త ప్రాజెక్టు సంగతితో మొదలుపెడదాము, ఎందుకంటే అది మీ ఆఫీసులోనే తేలిపోయే విషయం. మనుషుల ప్రమేయం లేకుండా నడిచే ప్రోగ్రాములు సాధారణంగా ప్రోకోర్‌లో ఒక సర్వీసు ఖాతా ద్వారా ప్రవేశిస్తాయి. ఆ ఖాతా డైరెక్టరీలో ఒక వాడుకరి లాగానే ఉంటుంది. ఏ సాధనాలను చూడవచ్చు, ఏ ప్రాజెక్టుల్లోకి వెళ్లవచ్చు అన్నది మీ కంపెనీ నిర్వాహకులు నిర్ణయించి అనుమతిస్తారు. కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడు ఆ ఖాతాను అందులో చేర్చడం ఎవరికీ గుర్తుండకపోతే, ప్రోగ్రాము తనకు కనిపించిన ప్రాజెక్టుల నుంచే గంటలు తెచ్చి పని అయిపోయిందనుకుంటుంది. కనపడని ప్రాజెక్టు గురించి ఫిర్యాదు చేయడం దానికి సాధ్యం కాదు. కాబట్టి ప్రాజెక్టు ప్రారంభించేటప్పుడు చేసే పనుల పట్టికలో ఈ అనుమతిని ఒక అంశంగా రాయించండి. వారానికొకసారి మీ అకౌంట్స్‌లో నడుస్తున్న జాబుల జాబితానూ, ప్రోగ్రాముకు కనబడిన ప్రాజెక్టుల జాబితానూ పక్కపక్కన పెట్టి చూసే నివేదికను అడగండి.

రెండుసార్లు పడడానికీ, రాకపోవడానికీ మూలం ఒకటే. ఒకసారి తెచ్చిన వారాన్ని మళ్లీ చూడకపోతే తరువాతి సవరణలు రావు. మళ్లీ తెచ్చి పాతవాటి కింద చేర్చితే రెండుసార్లు పడతాయి. ప్రతి ఎంట్రీకి ప్రోకోర్ ఇచ్చే గుర్తింపు సంఖ్య మారదు కనుక, గత మూడు వారాలను ప్రతిసారీ మళ్లీ తెచ్చి, ఆ సంఖ్య ఇదివరకే ఉంటే విలువలు మార్చి, లేకపోతే కొత్తగా చేర్చమని అడగండి. తొలగించిన ఎంట్రీ విషయంలో జాగ్రత్త అవసరం. అది జాబితాలో కనిపించదు, అంతే. మీ దగ్గర ఉండి, కొత్తగా వచ్చిన జాబితాలో లేని సంఖ్యలను గుర్తించి ఒక మనిషి ముందు పెట్టాలి తప్ప, ప్రోగ్రామే వాటిని చెరిపేయకూడదు. మార్పులు జరిగినప్పుడల్లా కబురు పంపే వెబ్‌హుక్‌లు ఉన్నాయి గాని, అవి ఏ రికార్డు మారిందో మాత్రమే చెబుతాయి, గంటలను మోసుకురావు. ఒక కబురు దారిలో తప్పిపోతే ఆ లోటు తీర్చడానికి ఎలాగూ మూడు వారాల పునఃపరిశీలన కావాలి, కనుక ముందు దాన్నే పెట్టుకోండి.

స్థితి గురించి కూడా అడగండి. ప్రోకోర్‌లో టైమ్‌షీట్ ఎంట్రీలు పెండింగ్, రివ్యూడ్, అప్రూవ్డ్, కంప్లీటెడ్ అనే దశల్లో నడుస్తాయి. సోమవారం ఉదయం వచ్చేవాటిలో కొన్ని ఇంకా పెండింగ్‌లో ఉండి ఉండవచ్చు. అన్ని దశలవాటినీ తెచ్చి నిల్వ చేసుకోవడంలో తప్పు లేదు, పేరోల్‌లోకి మాత్రం అప్రూవ్డ్ దశకు చేరినవీ, దాన్ని దాటినవీ మాత్రమే వెళ్లాలి. ఆమోదం పొందనివి ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఆగాయో మీకు విడిగా నివేదిక రావాలి. ఆ నివేదిక లేకపోతే ఆమోదించడం మరచిన ఫోర్‌మన్ వల్ల కార్మికుడి చెక్కు తగ్గుతుంది, అతడు వచ్చి అడిగేదాకా ఎవరికీ తెలియదు. మన ఊళ్లలో మేస్త్రీ మస్టరులో టిక్కు పెట్టడం మరచినా జరిగేది ఇదే.

ఒక వరుస అంటే ఒక రోజు కాదని కూడా వారికి గుర్తుచేయండి. ఒకే మనిషి ఒకే రోజు రెండు కాస్ట్ కోడ్‌ల కింద పని చేసి, అందులో కొంత ఓవర్‌టైమ్ అయితే మూడు వరుసలు రావచ్చు. ఎవరెవరివో కలిపేటప్పుడు పేరును ఆధారం చేసుకోకూడదు. ఒకే పేరున్న ఇద్దరు ఒకే సైటులో ఉండడం అరుదేమీ కాదు. డైరెక్టరీలో ఉద్యోగి సంఖ్య అనే అర ఉంది, అందులో మీ పేరోల్ సంఖ్యను నింపించి దానితోనే జతపరచాలి. ఆ అర ఖాళీగా ఉన్న ఉద్యోగుల పేర్లు ప్రతివారం మీకు చేరాలి.

ఇక మీరు అడగకపోయినా పేరోల్ బాధ్యతలో ఉన్నారు కనుక చెప్పవలసినది వారం లెక్క. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం వారం అంటే వరుసగా 168 గంటలు. అది ఏ రోజైనా మొదలు కావచ్చు, కాని స్థిరంగా ఉండాలి. 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. రెండు వారాల సగటు చెల్లదు. మొదటి వారం 50, రెండో వారం 30 గంటలు చేసిన మనిషికి సగటు నలభైయే అయినా, మొదటి వారంలోని పది గంటలకు ఓవర్‌టైమ్ ఇవ్వవలసిందే. మీ సంస్థ నెలకు రెండుసార్లు జీతాలిస్తుంటే, ఒకటో తేదీ నుంచి పదిహేను దాకా తెచ్చే ప్రోగ్రాము మొదటి వారాన్నీ చివరి వారాన్నీ నడిమికి కోసేస్తుంది. ఒకటో తేదీ పడిన వారం ఏ రోజు మొదలైందో అక్కడినుంచే తేవాలి. కాలిఫోర్నియాలో కూడా సైటులుంటే రోజువారీ లెక్క అదనం. అక్కడ సాధారణంగా ఎనిమిది గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, పన్నెండు దాటితే రెండు రెట్లు.

ఫెడరల్ ప్రభుత్వ పనులైతే 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం వర్తిస్తుంది. 2,000 డాలర్లు దాటిన కాంట్రాక్టుల్లో స్థానికంగా నిర్ణయించిన వేతనాలు చెల్లించి, వారం వారం ధ్రువీకరించిన పేరోల్ సమర్పించాలి. డబ్ల్యూహెచ్-347 ఫారం అందుకోసమే ఉంది. ఒకే మనిషి పొద్దున వడ్రంగిగా, మధ్యాహ్నం సహాయకుడిగా పని చేస్తే గంటలు విడివిడిగా చూపాలి, లేకపోతే మొత్తం గంటలకూ ఎక్కువ వేతనమే ఇవ్వాల్సి వస్తుంది. కనుక కాస్ట్ కోడ్‌నూ, పని వర్గాన్నీ దారిలో వదిలేసి మొత్తం గంటలు మాత్రమే తెచ్చే ప్రోగ్రాము మీకు పనికిరాదు.

ప్రశ్న: ఒక అమెరికన్ క్లయింటు ఆడిట్ కోసం పాత టైమ్‌కార్డులన్నీ కావాలన్నారు. ఎన్నేళ్లవి తీయాలో వారికే స్పష్టత లేదు. తీయడం మొదలుపెట్టిన కాసేపటికి 429 అనే తప్పు వచ్చి ఆగిపోతోంది, మరికాసేపటికి 401 వస్తోంది.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 429 అంటే నిర్ణీత వ్యవధిలో అనుమతించిన అభ్యర్థనల సంఖ్య దాటారని. ప్రతి జవాబు హెడర్లలోనూ మీ పరిమితి ఎంత, మిగిలింది ఎంత, ఎప్పుడు తిరిగి నిండుతుంది అన్న మూడు వివరాలూ ఉంటాయి. మిగిలింది అడుగంటినప్పుడు ఆ సమయం వచ్చేదాకా ప్రోగ్రామును నిద్రపుచ్చాలి. వెంటవెంటనే మళ్లీ ప్రయత్నించడం వల్ల మేలు జరగదు. 401 వేరే సంగతి, మీ ప్రవేశ అనుమతి చెల్లలేదని అర్థం. ప్రోకోర్ ఓఆథ్ 2.0 అనే అనుమతి పద్ధతిలో ఇచ్చే టోకెన్‌కు (తాత్కాలిక ప్రవేశ తాళానికి) ఆయుష్షు తక్కువ. టోకెన్‌తో పాటే అది ఎన్ని సెకన్లు చెల్లుతుందో కూడా వస్తుంది కనుక, గడువుకు కాస్త ముందే కొత్తది తీసుకోండి. పెద్ద పనిని ప్రాజెక్టు వారీగా, వారం వారీగా ముక్కలు చేసి, ఏ ముక్క పూర్తయిందో రాసిపెట్టుకుంటే, ఎక్కడ ఆగినా అక్కడినుంచే కొనసాగించవచ్చు. పాత రికార్డులు కనుక ముగిసిపోయి నిర్వాహకులు పక్కన పెట్టిన ప్రాజెక్టులు మీ జాబితాలో ఉన్నాయో లేవో ముందే చూసుకోండి.

ఎన్నేళ్లవి అన్నదానికి ఫెడరల్ నియమాలలో కనీస గడువు ఉంది. పేరోల్ రికార్డులు 3 సంవత్సరాలు, టైమ్‌కార్డులు 2 సంవత్సరాలు భద్రపరచాలి. డేవిస్-బేకన్ పనులకైతే ప్రధాన కాంట్రాక్టు పని పూర్తయిన తరువాత 3 సంవత్సరాలు. బకాయి వేతనాల దావాకు మామూలుగా 2 సంవత్సరాలు, ఉద్దేశపూర్వక ఉల్లంఘన అయితే 3 సంవత్సరాలు గడువున్నందున, మూడేళ్లకు తక్కువ తీయవద్దని మా సలహా. రాష్ట్రాల చట్టాలు ఇంకా ఎక్కువ కోరవచ్చు కనుక తుది మాట వారి న్యాయవాది నుంచి రావాలి. తీసిన ఫైళ్లలో కార్మికుల పేర్లు, పనివేళలు, ఒక్కోసారి సంతకాలు కూడా ఉంటాయి. వాటిని సొంత ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవడం గాని, క్లయింటు రహస్య కీని కోడులోనే రాసి రిపాజిటరీలోకి (కోడు దాచుకునే చోటికి) ఎక్కించడం గాని చేయకండి. ప్రయోగాలకు శాండ్‌బాక్స్ (అసలు సమాచారాన్ని తాకని పరీక్షా స్థలం) ఉన్నది అందుకే.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో చిన్న కాంట్రాక్టరు, పన్నెండు మంది పనివాళ్లు. ప్రతి శుక్రవారం గంటలు తీసి జీతాలివ్వడానికి ఏపీఐ ప్రోగ్రాము రాయించుకోవాలా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అక్కరలేదు. టైమ్‌షీట్స్ సాధనంలోనే తేదీలు ఎంచుకొని ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా దించుకునే వీలుంది. పన్నెండు మంది గంటలను కంటితో సరిచూసుకోవడానికి అరగంట పట్టదు. ప్రోగ్రాము రాయించడం ఒక ఖర్చు, ఏపీఐ కొత్త సంచిక వచ్చినప్పుడల్లా దాన్ని సరిచేయించడం మరో ఖర్చు. పనివాళ్లు యాభై దాటినప్పుడో, ఫెడరల్ పనులు మొదలైనప్పుడో మళ్లీ ఆలోచించవచ్చు. ఇప్పటికి దించుకున్న ప్రతివారం ఫైలునూ తేదీ పేరుతో ఒకచోట భద్రపరచమని, డైరెక్టరీలో ఉద్యోగి సంఖ్యలు ఈరోజే నింపేయమని మీ అన్నయ్యకు చెప్పండి.